గాటు పడ్డ బరిణె

సాన్ ఫెర్మోలో చీటీలు తీసేది ఎప్పుడూ విధవరాలే. ఊళ్ళో అందరికంటే ఆఖరున మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి సంచిలో చెయ్యి పెట్టాలి. ఆమెకి పోయేదీ లేదు, వచ్చేదీ లేదు కాబట్టి ఆమె చెయ్యి ఎటూ మొగ్గదని ఎప్పటివాళ్ళో తీర్మానించారు. తీర్మానించినవాళ్ళు మగవాళ్ళేనని వేరే చెప్పక్కర్లేదు.

యుద్ధం అయిపోయిన తొమ్మిదో ఏట ఆ వంతు ఓర్సోలాకి వచ్చింది.

ఆ ఊరికి పొలాలు లేవు. ఉన్నదల్లా చుట్టూ పరుచుకున్న ఉప్పుకయ్య. చలికాలం ముందు చేపలు కయ్య విడిచి సముద్రంలోకి పోతాయి. ఆ దారిలో రెల్లు దడులు కట్టి బొంత చేపల్నీ పాముల్లాంటి మలుగుల్నీ పట్టుకోవాలి, పట్టినదాంతో ఏడాదంతా గడుపుకోవాలి. కయ్యని ఇరవైయేడు వాటాలు చేసి, ఒక్కో వాటానీ నీళ్ళు అంటారు. ఇళ్ళు మాత్రం ముప్ఫై ఒకటి. అందుకని ఆగస్టు ఆఖరి ఆదివారం పూజ అయ్యాక చర్చి పక్క వసారాలో అందరూ చేరతారు. ఇంటికొక కొయ్య బరిణె, అక్రోటు కాయంత ఉంటుంది, లోపల పేరు రాసిన చీటీ. ముప్ఫై ఒక్క బరిణెలూ తెరచాప గుడ్డ సంచిలో వేస్తారు. మొదట చేతికొచ్చిన ఇంటికి మొదటి నీళ్ళు, అంటే సముద్రపు నోటి దగ్గరివి. పదిహేను దాకా పరవాలేదు. ఇరవై దాటితే బురదే. సంచిలో మిగిలిపోయిన నాలుగిళ్ళకి ఆ ఏడు అదీ లేదు.

సంచిలో బరిణెనీ వాళ్ళు సోర్తె అంటారు. దాంతో వచ్చిన నీళ్ళనీ సోర్తె అంటారు. ఆ నీళ్ళు ముంచినా తేల్చినా ఆ రాతనీ సోర్తె అనే అంటారు. ఆ మాట మీద బోర్తొలో దగ్గర ఒక కథ ఉండేది. బోర్తొలో ఓర్సోలా పక్కింటివాడు, ఆమె మొగుడు దోరోకి ప్రాణస్నేహితుడు. యుద్ధంలో రష్యా పోయి, అక్కణ్ణించి కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరి, బతుకుతెరువుకి మళ్ళీ ఊళ్ళు పట్టుకు తిరిగిన మనిషి. రెండు గుక్కలు సారా పడితే చాలు, మొదలుపెట్టేవాడు.

"రుమేనియాలో ఒక ముసలమ్మ నాకింత సంకటి పెట్టి, నా కాళ్ళకేసి చూసి, సొఆర్తా అని ఏడ్చింది వదినా. వాళ్ళ భాష నాకొక్క ముక్క రాదు. ఆ ముక్క మాత్రం తెలిసిపోయింది. ఫ్రాన్సు గనుల్లో సోర్ అన్నారు. నా పక్కన తవ్వే స్పెయినువాడు సుఎర్తె అనేవాడు. పోర్చుగల్ ఓడలో వంటవాడు అచ్చం మనలాగే అన్నాడు. రొట్టెకి పేరు మారింది, చేపకి మారింది, పెళ్ళానికి కూడా మారింది. దీనికి మాత్రం మారలేదు. ఎక్కడికి పోయినా వెనకాలే వస్తుంది, ముండ."

"అన్ని భాషల్లోనూ నీకు చెడ్డదే వచ్చింది కదరా," అనేవాడు దోరో.

అలా అన్న దోరోకి రెండేళ్ళు వరసగా మొదటి నీళ్ళే వచ్చాయి. ఆ రెండేళ్ళూ ఊళ్ళో కొత్తగా ఎవరూ విధవలు కాలేదు, చీటీలు తీసింది దోరో మేనత్త పీనా. ఇంకేముంది, చెవులు కొరుక్కోవడం మొదలైంది. ముసలిది మేనల్లుడి బరిణెని వేళ్ళతో పోల్చుకుంటోందన్నారు, సాంతె అనే జాలరి అందరికంటే గట్టిగా. దోరో ముఖం మీద ఎవరూ అనలేదు. అతను వస్తే మాటలు ఆగిపోయేవి, అంతే. నవ్వుతూ తిరిగే మనిషి ఆ రెండేళ్ళలో గొంతులో ముల్లు పడ్డవాడిలా అయిపోయాడు. రెండో ఏడు అక్టోబరులో, ఆ మొదటి నీళ్ళలోనే, గాలివానకి పడవ తిరగబడి పోయాడు. దొంగిలించిన సోర్తె మనిషిని మింగకుండా వదలదని శవయాత్రలోనే ఎవరో అన్నారు. అది ఓర్సోలా చెవిన పడింది.

ఆమెకి పిల్లలు లేరు. మంచం పట్టిన అత్తగారుంది, తారు పూసిన పడవుంది. దోరోతో పాటు పద్దెనిమిదేళ్ళు దడులు కట్టిన చేతులున్నాయి. జూన్‌లో ఊరి పెద్ద ఎర్మకొర దగ్గరికి పోయింది.

"చచ్చినవాడి పేరు మీద నీళ్ళెప్పుడూ ఇవ్వలేదమ్మాయ్," అన్నాడాయన.

"అయితే నా పేరు మీదివ్వండి."

"ఆడదాని పేరు మీద అసలే ఇవ్వలేదు."

"రెంటిలో ఏది చిన్న తప్పనిపిస్తే అది చెయ్యండి పెద్దాయనా. ఏదో ఒకటి చెయ్యకపోతే నేనూ మా అత్తా ఆ పడవ కోసుకు తినాలి."

ముసలాయనకి నవ్వొచ్చింది, దాచుకున్నాడు. గురువారం మగవాళ్ళు వలల కొట్టంలో కూర్చుని తేల్చుతామన్నాడు. ఆ కొట్టంలోకి ఆడవాళ్ళు అడుగుపెట్టరు. లోపల ఏం జరిగిందో ఓర్సోలాకి బోర్తొలో వచ్చి చెప్పాడు.

"ఒప్పించాను వదినా. సాంతె గాడు గిలగిల్లాడాడనుకో. ఆవిడ ఇంటి బరిణెని ఆవిడే తీస్తుందా, ఇదెక్కడి న్యాయమన్నాడు. విధవరాలు తియ్యడం మార్చలేమని పెద్దాయన తెగేసి చెప్పాడు. దోరో చీటీ సంచిలో ఉంటుంది. ఈ ఒక్కసారికే. వస్తే ఆ నీళ్ళు నీవి, వచ్చే ఏడూ నీ బరిణె ఉంటుంది. రాలేదా, మీ ఇంటి హక్కు దాంతో సరి."

"నీ సంగతేంటి మరి?" అంది ఓర్సోలా.

బోర్తొలోకి అప్పటికి రెండేళ్ళు వరసగా నీళ్ళు రాలేదు. మొదటి ఏడు అవతలి ఒడ్డున ఇటికల బట్టీలో చేశాడు, రెండో ఏడు దగ్గుతో తిరిగొచ్చాడు. పెళ్ళాం నీవెస్, నలుగురు పిల్లలు.

"మూడోసారి కూడా రాకపోతే బెల్జియం. బొగ్గు గనుల్లో మనుషులు కావాలని చర్చి తలుపుకి కాయితం అంటించారుగా. అక్కడ కూడా మన మాటే అంటార్లే, కంగారేం లేదు." ఇంకేదో చెప్పబోయి, ఓర్సోలా ముఖం చూసి మానేశాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మానేసిన మాటొక్కటి ఆ రోజు చెప్పి ఉంటే ఈ కథే లేదు.

ఆగస్టు ఆఖరి ఆదివారం వసారా నిండిపోయింది. ఆడవాళ్ళు మెట్ల మీద, మగవాళ్ళు లోపల. ఓర్సోలా నల్లబట్టల్లో సంచి ముందు నిలబడింది.

"ఆమె బరిణె ఆమె చేతిలోనే ఉంది. ఇక మనం ఇళ్ళకి పోయి కాళ్ళు చాపుకోవచ్చు," అన్నాడు సాంతె. కొందరు నవ్వారు. పీనా ముసలిది తల దించుకుంది.

ఎర్మకొర కర్రతో నేల మీద కొట్టాడు. "ముంచాలి, తియ్యాలి. తడమకూడదు. తడిమిన చెయ్యి బయటికి రావాలి, ఉత్తదిగా. తెలుసుగా."

ఓర్సోలా మోచెయ్యి దాకా సంచిలో పెట్టింది. చెయ్యి దిగీ దిగకముందే ఒక బరిణె అరచేతిలోకి వచ్చి కూర్చుంది. బొటనవేలి కింద గాటు తగిలింది.

ఆ గాటు పెట్టింది ఆమే. పెళ్ళయిన ఏడు, తేమకి బరిణె బిగుసుకుపోతే, మలుగులు కోసే కత్తి మొనతో మూత లేపబోయి అంచు చెక్కేసింది. నెలవంకలా చిన్న గాటు. దోరో వారం రోజులు సణిగాడు. తర్వాత అదే తన గుర్తని చెప్పుకున్నాడు. చీకట్లో అయినా ఆమె దాన్ని పోల్చగలదు.

తీస్తే మొదటి నీళ్ళు. మూడోసారి కూడా దోరోకే మొదటి నీళ్ళు, తీసింది పెళ్ళాం. ఊరు ఊరంతా ఏమంటుందో ఆమెకి వినిపించింది. పోయిన మనిషి మీద మన్నేసినట్టు కాక, బురదేసినట్టవుతుంది. మొదటి పది నీళ్ళలో దీన్ని తియ్యకూడదనుకుంది. పది దాటాక ఏది చేతికొస్తే అది. ఇరవైయేడు తియ్యాలి, నాలుగే మిగులుతాయి, ఎక్కడికి పోతుంది? గాటు బరిణెని వేళ్ళతో కిందికి తోసింది. పైనున్నది తీసి ఇచ్చింది.

మూడోసారి చెయ్యి ముంచినప్పుడు మళ్ళీ తగిలింది, తోసింది. నాలుగోసారి, ఆరోసారి. వదలకుండా చేతికే వస్తోంది. ఎనిమిదోసారి తోస్తుంటే ఆమెకి చెమటలు పట్టాయి. పదోసారి సంచి అడుగు దాకా దిగనొక్కింది. ఒక్కో పేరు చదువుతుంటే ఒక్కో ఇల్లు ఊపిరి పీల్చుకుంటోంది. ఎవరూ ఆమెని అనుమానించలేదు. దోరో పేరు రాలేదుగా మరి. సాంతె కూడా చేతులు కట్టుకుని ఊరుకున్నాడు. అది చూసి ఓర్సోలాకి గర్వంగా అనిపించింది. చూడు దోరో అనుకుంది. ఆ గర్వం గుర్తొస్తే తర్వాత ఆమెకి తన ఒళ్ళు తనకే రోతగా ఉండేది.

పద్నాలుగోసారి నున్నటి బరిణె వచ్చింది. కొత్త కొయ్య వాసన కూడా పోలేదు. ఎర్మకొర మూత తీసి, చీటీ కళ్ళ దగ్గర పెట్టుకుని చదివాడు.

"దోరో మిలోక్కో. పద్నాలుగో నీళ్ళు."

మెట్ల మీద ఆడవాళ్ళలో ఎవరో ఏడ్చారు. బోర్తొలో టోపీ తీసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఆమెకేసి ఊపాడు. ఓర్సోలాకి సంతోషించాలని తెలుసు, చేతకాలేదు. ఆమె గెలిచింది. మరి గాటు పడ్డ బరిణెలో ఎవరున్నారు?

ఎదురుగా ఇంకా పేరు రాని ముఖాలు చూసింది. పదిహేడుమంది. వాళ్ళలో ఎవర్నో తను ఆరుసార్లు కిందికి తోసింది. ఇక దాన్ని పైకి తియ్యాలి, అంతే. చెయ్యి పెట్టింది. అది లేదు. అప్పటిదాకా పిలవకుండా వచ్చినది ఇప్పుడు ఎక్కడుందో తెలియలేదు. పదిహేను, పదహారు, పందొమ్మిది. చేతికి నున్నటివే వస్తున్నాయి. పేర్లు చదువుతున్నారు. ఇరవై రెండు, ఇరవై మూడు.

ఇరవై ఐదోసారి వేళ్ళు సంచి కుట్టు దాకా పోయాయి. మూల మడతలో గాటు తగిలింది. గట్టిగా పట్టుకుంది.

"పెద్దాయనా, చెయ్యి వెతుకుతోంది," అన్నాడు సాంతె. "అందరూ చూస్తున్నారు."

"తడుముతున్నావా అమ్మాయ్?"

ఓర్సోలా చెయ్యి సంచిలోనే ఉంచింది.

"పట్టుకున్నది వదిలెయ్యి. చెయ్యి బయటికి తీసి మళ్ళీ ముంచు."

గాటు మీద బొటనవేలు ఇంకొక్క క్షణం ఉంది. నిజం చెబితే ఆపి వినేవాళ్ళేమో. కానీ ఏమని చెబుతుంది, ముప్ఫై ఒక్క ఇళ్ళ ముందు? వేళ్ళు విప్పింది. ఉత్త చెయ్యి అందరికీ చూపించి మళ్ళీ ముంచితే వేరే బరిణె వచ్చింది. ఇరవై ఆరు సాంతెకి వచ్చింది, ఒట్టి బురద, కిక్కురుమనకుండా తీసుకున్నాడు. ఇరవైయేడు తీసేటప్పుడు ఆమె కళ్ళు మూసుకుని దేవుణ్ణి అడిగింది. అదీ నున్నటిదే.

మిగిలిన నాలుగూ బల్ల మీద పోసి ఎర్మకొర ఒక్కొక్కటే తెరిచాడు. ఆఖరుది గాటు పడ్డది. చీటీ చదివి ఆయన తలెత్తాడు.

"బోర్తొలో," అన్నాడు. "నీకు దోరో బరిణె కూడా కలిసిరాలేదురా."

"దోరో బరిణె బోర్తొలో దగ్గరెందుకుంది?" అంది ఓర్సోలా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"జూన్‌లో కొట్టంలోనే అనుకున్నాం కదమ్మా. చచ్చినవాడి చీటీ చచ్చినవాడి బరిణెలో ఉండకూడదు. మీ ఇంటికి కొత్తది చెక్కించాం. వీడి బరిణె వసంతంలో పగిలిపోయిందిగా, పోయినేడు చీటీలయ్యాక నా దగ్గరే ఉండిపోయిన దోరోది తనకిమ్మని అడిగి పుచ్చుకున్నాడు. మంచి చెయ్యి వాడిది, నాకూ కాస్త అంటుతుందేమో అన్నాడు. నీకు చెప్పలేదా?"

"చెబితే ఏడుస్తావని ఊరుకున్నాను వదినా," అన్నాడు బోర్తొలో. నవ్వబోయాడు గానీ దగ్గొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఓర్సోలా వాళ్ళింటికి పోయింది. నీవెస్ పరుపులు చుట్టి తాడు కడుతోంది. ఈమెని చూసి ముద్దు పెట్టుకుని, నీకైనా వచ్చింది, అదే చాలు అంది. ఓర్సోలా ఆమెని విడిపించుకుని వెనక గుమ్మంలోంచి బయటికి పోయింది. బోర్తొలో పెరట్లో గెడకర్రలు కట్టకడుతున్నాడు, ఎవరికో ఇచ్చెయ్యడానికి. అక్కడ నిలబడే మొత్తం చెప్పేసింది. గాటు సంగతి, మొదటి పదిసార్ల సంగతి, ఇరవై ఐదోసారి సంగతి.

బోర్తొలో ముడి వేస్తూ ఆగాడు.

"ఎన్నిసార్లొచ్చింది చేతికి?"

"ఆరుసార్లు."

"ఆరుసార్లూ దోరో అనుకునే తోశావా?"

"ఆయనకి మాట రాకూడదని."

"నా సంగతొదిలెయ్యి. నాకు అలవాటే." అతను తాడుకేసి చూస్తున్నాడు, ఆమెకేసి చూడటం లేదు. "వాడు నీళ్ళలో పోయినవాడు వదినా. ఆరుసార్లు నీ చేతికి వచ్చాడనుకుని కూడా ఎలా తోశావు కిందికి?"

ఓర్సోలా జారిపోతున్న కర్రల కట్టని పట్టుకుంది.

"ఎర్మకొర దగ్గరికి పోతున్నాను," అంది. "మళ్ళీ తియ్యమంటాను. నా హక్కు పోతే పోనీ."

"పోయి ఏం చెబుతావు? వేళ్ళతో పోల్చుకున్నానని చెబుతావు. అంటే పోల్చుకోవచ్చన్నమాట. అంటే పీనా కూడా పోల్చుకుందన్నమాట. సాంతె గాడు రెండేళ్ళుగా అదేగా అంటున్నాడు. నీ నోటితోనే దోరోని దొంగని చేస్తావు."

"నా నీళ్ళలో సగం నువ్వు దడి కట్టుకో మరి."

"నీళ్ళు రాని ఇల్లు ఇంకొకరి నీళ్ళలో కాలు పెట్టకూడదు. ఈ ఊళ్ళో పుట్టిందానివేగా." ముడి బిగించాడు. "ఇంటికి పో ఓర్సోలా. అత్త ఒక్కతే ఉంటుంది."

అతను ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వదినా అనడం మానేశాడని ఆమెకి దారిలో సగం దూరం వచ్చాక తెలిసింది.

బుధవారం టపా పడవలో వెళ్ళిపోయారు. పిల్లలు మూటల మీద కూర్చున్నారు. రేవులో ఓర్సోలా అందరికంటే వెనకాల నిలబడింది. బోర్తొలో ఊరంతటికీ టోపీ ఊపాడు, అందులో ఆమె కూడా ఉందో లేదో చెప్పలేం. ఇంటికొచ్చి చూస్తే కిటికీ గట్టు మీద గాటు పడ్డ బరిణె ఉంది. లోపల చీటీ లేదు.

అక్టోబరులో ఓర్సోలా పద్నాలుగో నీళ్ళలో ఒక్కతే దడి కట్టింది. ఆడది కట్టిన దడి మొదటి గాలికే పడిపోతుందన్నవాళ్ళు పందేలు కాసి ఓడిపోయారు. చేపలు బాగానే పడ్డాయి. బొంతలు, మలుగులు, గంపల నిండా. సాంతె సైతం పడవ ఆపి, దోరో చెయ్యే వచ్చింది నీకు అన్నాడు, మంచిగానే అన్నాడు. ఇప్పుడిక ఊళ్ళో దోరోని ఎవరూ ఏమీ అనడం లేదు. ఆమె కోరుకున్నది అక్షరాలా జరిగింది.

దోరో పోయి ఏడాది నిండిన రోజున, మధ్యాహ్నం, దడి పని ఆపి జేబులోంచి బరిణె తీసింది. దాన్ని ఇంట్లో ఉంచుకోలేదు, పొయ్యిలో వెయ్యలేదు. నీళ్ళకే ఇచ్చెయ్యాలనుకుని పడవ అంచు మీంచి జారవిడిచింది. బోలు కొయ్య, మునగలేదు. కాస్త దూరం పోయి, దడికి తగిలి, తిరిగొచ్చి పడవని కొట్టుకుంది. గెడతో దూరంగా నెట్టింది, మళ్ళీ వచ్చింది. గెడ కొనతో నడినెత్తిన నొక్కి కిందికి తోసింది.

తోస్తూ తోస్తూ తను ఏం చేస్తోందో చూసుకుంది.

గెడ వదిలేసి పడవలో మోకాళ్ళ మీద కూలబడింది. బరిణె పైకొచ్చి అంచు పక్కనే ఆడుతోంది. రెండు చేతులూ నీళ్ళలో పెట్టి దాన్ని తీసి, నల్ల శాలువాతో తుడిచింది, గాటులో నీరు కూడా పోయేదాకా. తడి ఆరింది. అయినా తుడుస్తూనే ఉంది.